కన్నడంలో నవ్విన మంజుల

ధర్మవరంలో పట్టుచీరలు నేసే తిరుపాల్‌కు ఓర్వలేనితనం ఎక్కువ. ఆ సంగతి అతనికీ తెలుసు, వీధిలోవాళ్ళకూ తెలుసు. ఎదురింటివాళ్ళు కొత్త ఫ్రిజ్ దించుకున్న రోజు అతని మగ్గంలో పోగులు తెగుతాయి. పెళ్ళి పంక్తిలో పక్కవాడికి రెండోసారి నెయ్యి వేసి తనను దాటిపోతే, ఆ కథ నెల రోజులు చెబుతాడు. చెడ్డవాడేం కాదు. ఎవరికైనా ఆపద వస్తే ముందు పరుగెత్తేది అతనే. ఎదుటివాళ్ళు బాగుపడితేనే చూడలేడు.

అతని భార్య మంజులది మడకశిర దాటాక అమరాపురం వైపు ఒక పల్లె. ఆ పల్లె ఆంధ్రలోనే ఉన్నా ఇళ్ళల్లో మాట్లాడేది కన్నడమే. తెలుగు ఆమెకు సంతలోనూ బస్సుల్లోనూ వచ్చింది. పెళ్ళయిన కొత్తలో చెల్లెలు రేఖ చూడటానికి వస్తే, అక్కచెల్లెళ్ళిద్దరూ వంటింట్లో కూర్చుని కన్నడంలో గలగలా మాట్లాడుకునేవాళ్ళు. అత్త అంజనమ్మకు అది నచ్చలేదు.

"ఈడ మాకి తెలిసే మాటలు మాట్లాడండమ్మా. మా మీదనే ఏమో అనుకుంటాండారని నాకి అనుమానం వస్తాది" అందొకరోజు.

తిరుపాల్ తల్లిని వారించలేదు. ఆ గలగల వింటే అతనికీ లోపల ఏదో గుచ్చుకునేది. తనతో మాట్లాడేటప్పుడు మంజుల గొంతులో ఆ ఊపు ఉండేది కాదు. ఆ తర్వాత ఆ ఇంట్లో కన్నడం వినపడలేదు. మంజుల మగ్గం మీద అటూ ఇటూ ఆడే నాడెలోకి కావలసిన పట్టుదారం కండెలు చుట్టి ఇస్తూ, జరీ సర్దుతూ, అవసరమైనంత తెలుగు మాట్లాడుతూ ఇరవై ఏళ్ళు గడిపింది. కూతురు స్వప్నకు కూడా తల్లి భాష రాదు. ఆ పిల్ల ఇప్పుడు అనంతపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది.

రేఖకు ఆనంద్‌తో పెళ్ళయింది. ఆనంద్ పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. సోమందేపల్లిలో అద్దె ఇంట్లో ఉంటారు. సెలవు దొరికితే చాలు, ఇద్దరూ ఎటో ఒకటి పోయి ఫోనులో స్టేటస్ పెడతారు. ఈసారి కర్ణాటకలోని కొడగు కొండలకు పోయారు. తెల్లటి మెత్తని గౌన్లు తొడుక్కుని, తలలకు తువ్వాళ్ళు చుట్టుకుని, చేతుల్లో ఏదో కషాయం కప్పులతో నవ్వుతున్న ఫోటో పెట్టారు. కింద ‘కపుల్ మసాజ్’ అని రాసి ఉంది.

మంజుల ఆ ఫోటోను చాలాసేపు చూసింది. మగ్గం గుంతలో కూర్చున్న తిరుపాల్ అది గమనించాడు.

"ఏముండాది దాంట్లో, అంత చూస్తాండావు?"

"ఏం లేదు. రేఖ మొగం ఎంత తేటగా ఉండాదో అని."

ఆ ఒక్క మాట చాలింది. తోడల్లుడు తన పెళ్ళాం మొహం తేట చేశాడు. తాను చేయలేదు. ఆషాఢంలో ఎటూ పెళ్ళిళ్ళుండవు, చీరలకు గిరాకీ తక్కువ. తిరుపాల్ ఏదో మాటల్లో పెట్టినట్టు ఆనంద్‌కు ఫోన్ చేసి ఆ రిసార్టు పేరు కనుక్కున్నాడు. "మనమూ పోతాండాము" అని ఇంట్లో చెప్పాడు. తిరుపతి, కదిరి తప్ప ఆలుమగలిద్దరూ ఎక్కడికీ పోయింది లేదు. అంజనమ్మ కొడుకును ఎగాదిగా చూసింది.

బెంగళూరులో బస్సు మారి కొడగులోని మడికేరి చేరేసరికి ఇద్దరికీ నడుములు పట్టేశాయి. రిసార్టులో సామాను పెట్టగానే తిరుపాల్ రిసెప్షన్ దగ్గరికి వెళ్ళాడు. అక్కడున్న కుర్రవాడికి తెలుగు రాదు. తిరుపాల్‌కు కన్నడంలో డబ్బుకు దుడ్డు, భోజనానికి ఊట అనే రెండు మాటలు తప్ప తెలియవు.

"జంట మసాజు" అన్నాడు తిరుపాల్. "మా తోడల్లుడు చేపిచ్చుకున్యాడే, అదే."

కుర్రవాడు ఇంగ్లీషులో ఏదో అడిగాడు. తిరుపాల్ తన భుజం తానే పిసికి చూపించాడు. కుర్రవాడు డాక్టరు కావాలా అన్నట్టు గుండె మీద చెయ్యి పెట్టి చూపించాడు. వెనక సోఫాలో కూర్చున్న మంజుల మొదట సిగ్గుపడి తల దించుకుంది. "నాకొద్దు, ఎవరో వచ్చి ఒళ్ళు పిసికేదేంది" అని దారి పొడుగునా అంటూనే వచ్చింది. కానీ మొగుడు అలా చేతులు తిప్పుతూ ఉంటే చూడలేక లేచి వచ్చింది. కన్నడంలో రెండు మాటలు మాట్లాడింది. కుర్రవాడి మొహం విప్పారింది. అతనేదో అడిగాడు, ఆమె చెప్పింది. మళ్ళీ అడిగాడు, ఈసారి ఆమె నవ్వింది. ఏ నూనె కావాలి, ఏ పూట రావాలి, ఆడవాళ్ళకు ఆడమనిషే చేస్తుందా, మధ్యలో తెర ఉంటుందా, అన్నీ ఆమే మాట్లాడి ముగించింది. అంతసేపూ తిరుపాల్ పక్కన పర్సు పట్టుకుని నిలబడ్డాడు. అప్పటినుంచి ఆ కుర్రవాడు ఏం చెప్పాలన్నా "అక్కా" అని మంజులకే చెప్పాడు. తిరుపాల్ వైపు చూడలేదు.

"బాగా మాట్లాడ్తివే" అన్నాడు తిరుపాల్ గదికి పోతూ.

"మరిచిపోయినానేమో అనుకుంటి" అంది మంజుల. ఆమె మొహంలో ఆశ్చర్యం ఉంది.

సాయంత్రం మసాజు గదిలో రెండు బల్లలు పక్కపక్కనే వేసి ఉన్నాయి. మంజుల అడిగినట్టే మధ్యలో తెర కట్టారు. ఇటువైపు తిరుపాల్‌కు ఒక మలయాళీ వచ్చాడు. అతనికి మాటలతో పని లేదు. బోర్లా పడుకోమని చేత్తో చూపించి పని మొదలుపెట్టాడు. వెచ్చటి నూనె, బయట వాన చప్పుడు. మగ్గం మీద వంగి వంగి బిగుసుకుపోయిన వీపు కొంచెం కొంచెంగా వదులవుతోంది. ఇంకొద్దిసేపయితే నిద్రపోయేవాడే.

తెర అవతలి నుంచి ఆడగొంతు వినపడింది. "యావూరు అక్కా?"

మంజుల ఊరి పేరు చెప్పింది. అవతలి గొంతు సంతోషంతో పెద్దగా ఏదో అంది. ‘శిరా’ అనే మాట తిరుపాల్ చెవిన పడింది. కర్ణాటక సరిహద్దు అవతలి శిరా మంజుల పుట్టిన ఊరికి అంత దూరమేం కాదు. అంతే, ఇక ఇద్దరికీ మాటలు ఆగలేదు. మొదట మంజుల మాటలు తడుముకుంటూ వచ్చాయి. తర్వాత తడుముకోలేదు. తిరుపాల్ ఎప్పుడో కొత్త పెళ్ళికొడుకుగా ఉన్నప్పుడు వంటింటి గోడ ఇవతల నుంచి విన్న ఆ గలగల మళ్ళీ వినపడింది. ఒక మాట మాత్రం అతనికి స్పష్టంగా తెలిసింది. అది ఒక పేరు. ఈరన్న.

ఈరన్న అంది మంజుల. ఏదో చెప్పింది. మళ్ళీ ఈరన్న. ఇద్దరూ పగలబడి నవ్వారు. మంజుల అలా నవ్వగలదని తిరుపాల్‌కు తెలియదు. మెడ ఎత్తి వినబోతే మలయాళీ మెల్లగా తల పట్టుకుని కిందికి ఆన్చాడు. వదులవుతున్న వీపు మళ్ళీ కర్రలా బిగుసుకుంది.

కాసేపటికి నవ్వు ఆగింది. అవతలి ఆమె మెత్తగా ఒకే ఒక్క మాట అడిగింది. ఆ తర్వాత మంజుల ఏడుస్తున్న చప్పుడు వచ్చింది. సన్నగా, ముక్కు ఎగబీలుస్తూ. అవతలి ఆమె ఊరడిస్తున్నట్టు ఏదో అంటూనే ఉంది.

బయటికి వచ్చాక ఇద్దరికీ ఫోటోలో ఉన్నట్టే తెల్లటి గౌన్లు, కషాయం కప్పులు ఇచ్చారు. మంజుల మొహం రేఖ మొహం కంటే తేటగా ఉంది. ఆ మొహాన్ని చూసి తిరుపాల్ సంతోషించలేకపోయాడు.

"ఏందంత మాట్లాడినారు?"

"ఊరి మాటలులే. ఆయమ్మ పేరు శ్రీదేవి. ఎంత మంచిదో."

ఈరన్న ఎవరు అని నోటిదాకా వచ్చింది. అడిగితే తాను చెవులు రిక్కించి విన్నట్టు తెలిసిపోతుంది. అడగలేదు. మిగిలిన రోజుల్లో జలపాతం చూశారు, కాఫీ తోటలు చూశారు, ఏనుగులను చూశారు. తిరుపాల్‌కు ఏదీ గుర్తు లేదు. వచ్చేముందు మంజుల, శ్రీదేవి ఒకరి ఫోన్ నంబర్లు ఒకరు రాసుకున్నారు.

ధర్మవరం వచ్చాక అతని అనుమానం మరీ ఎక్కువైంది. శ్రీదేవి అప్పుడప్పుడు ఫోన్ చేసేది. మంజుల ఫోన్ తీసుకుని మిద్దె మీదికి పోయేది. తిరుపాల్ మగ్గం ఆపి తల ఎత్తి వినేవాడు. నవ్వులు వినపడేవి, మాటలు అందేవి కావు. చీర అంచులో నెమలి వరుస తప్పింది. ఇన్నేళ్ళలో అలాంటి తప్పు అతని చేతిలో జరగలేదు. విప్పి మళ్ళీ నేయాల్సి వచ్చింది.

చివరికి ఒకరోజు రేఖ ఎప్పుడో అడిగిన చీర సంచిలో పెట్టుకుని, "ఇచ్చొస్తా" అని చెప్పి పెనుకొండ మీదుగా సోమందేపల్లి బస్సెక్కాడు. ఆనంద్ డ్యూటీలో ఉన్నాడు. రేఖ మజ్జిగ ఇచ్చి చీర విప్పి చూసి మురిసిపోయింది. తిరుపాల్ గ్లాసు కింద పెట్టి, మామూలుగా అడిగినట్టు అడిగాడు.

"ఈరన్న ఇప్పుడు యాడుండాడమ్మా?"

రేఖ చీర మడత ఆపింది. "అక్క చెప్పిందా నీకి?"

"ఆ, చెప్పింది" అన్నాడు తిరుపాల్ అబద్ధం.

"మంచిదాయె బావా. నేను ఇన్నేండ్లు ఎప్పుడూ నోరు జారలేదు. అక్కని చేసుకోవల్లని వచ్చిన పిల్లోడు గదా. నాయన ఒప్పుకోలేదు. ఇప్పుడు హిందూపురంలో బస్టాండు వెనక సందులో హోటల్ పెట్టుకున్యాడు. బాగా నడుస్తాండాదంట."

తిరుపాల్ ధర్మవరం బస్సు ఎక్కలేదు. హిందూపురం బస్సెక్కాడు.

దారంతా అతని మనసులో ఈరన్న రూపం పెరుగుతూ వచ్చింది. పొడుగ్గా, ఉంగరాల జుట్టుతో, తెల్ల చొక్కాతో. సందులో హోటల్ కనుక్కుని లోపలికి పోతే, పెనం దగ్గర ఒక పొట్టి మనిషి నిలబడి ఉన్నాడు. బట్టతల, బనియను ఆపుకోలేని పొట్ట, మెడలో దారానికి వేలాడుతున్న కళ్ళజోడు. కౌంటర్లో కూర్చున్న ఆవిడ "ఈరన్నా, ఆ బల్లకి చట్నీ పోలేదు" అని అరిస్తే అతను "నాకేం పది చేతులుండాయా?" అని అరిచి, వెంటనే ఆమెను చూసి నవ్వాడు. ఆవిడ అతని భార్య. ఇద్దరూ ఒక మాట తెలుగులో, ఒక మాట కన్నడంలో పోట్లాడుకుంటున్నారు. ఎక్కడ ఏ భాష మారుతోందో వాళ్ళకే తెలియడం లేదు.

ఆ పొట్ట చూసి తిరుపాల్‌కు ఊరట కలగాలి. కలగలేదు. పళ్ళెమంత వెడల్పుండే తట్టె ఇడ్లీ తెప్పించుకున్నాడు. అది దూదిలా ఉంది. చట్నీ ఇంకా బాగుంది. బాగుండటం అతనికి నచ్చలేదు.

ఈరన్న తుండుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "యా ఊరు అన్నా మనది? ఎప్పుడూ చూసినట్ల లేదే."

"అనంతపురం."

"ఇంకోటి వేసుకో అన్నా. అంత దూరం నుంచి వచ్చి ఒకటి తిని పోతావా?" అంటూ అడగకుండానే మరో ఇడ్లీ వేసి, వెన్న కూడా పెట్టాడు. "దుడ్లు ఒకదానికే ఇయ్యి."

తిరుపాల్ తల ఎత్తకుండా తిన్నాడు. రెండు ఇడ్లీలకూ పట్టుబట్టి లెక్క కట్టి బయటపడ్డాడు. ఈ మనిషిని తిట్టుకోవడానికి కూడా వీలు దొరకలేదు.

పెనుకొండలో బస్సు మారి ఇల్లు చేరేసరికి దీపాలు పెడుతున్నారు. మంజుల గడప దగ్గర రాట్నం ముందు కూర్చుని ఉంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఈరన్న ఇడ్లీ ఎట్లుండాది?"

తిరుపాల్ చెప్పులు విప్పబోయి ఆగిపోయాడు.

"రేఖ ఫోన్ చేసింది. బావకి చెప్పేసినావంట గదక్కా అని. హోటల్ యాడుండాదో చెప్పినా అనింది. ఇంగ ఆడికి పోకుండా ఉంటావా నువ్వు?" మంజుల లేచి నిలబడింది. "నేను ఇంట్లోనే ఉండా గదా? నన్ను అడగలేవా? ఊర్లు తిరిగి నా గురించి అడుక్కుంటావా?"

"అడిగితే చెప్తావా? మిద్దె మీదికి పోయి మాట్లాడ్తావు. ఆ తెర ఎనక నవ్వినావు, ఏడ్చినావు. ఈరన్న, ఈరన్న అంటివి. నేను పక్కనే ఉండా. గోడ మాదిరి పడుకోనుండా."

లోపల మంచం మీద పడుకున్న అంజనమ్మ లేచి కూర్చుంది. వీధిలో ఎవరో పోతూ నిదానించారు. మంజుల తలుపు దగ్గరగా వేసింది.

"సరే, విను. శ్రీదేవి అడిగింది, ఆ ఊరి పిల్లని అంత దూరం ఎట్లిచ్చినారక్కా అని. చెప్పినా. ఈరన్న నన్ను చూసేకి వచ్చినాడు. మా అమ్మ చిత్రాన్నం పెట్టింది. పిల్లని చూడకుండా వంటింట్లోకి వచ్చి, అత్తా, ఆవాలు మాడిపోయినాయి అన్యాడు. చూసేకొచ్చిన పిల్లోడు! నాయనకి తల కొట్టేసినట్లాయ. ఏం చేస్తావప్పా అంటే హోటల్ పెడతా అన్యాడు. వంటలు చేసేవానికి పిల్లనిస్తానా అని నాయన పంపించేసినాడు. అంతే కథ. దానికే నవ్వినాము."

"నీకి ఇష్టమేనా వాడంటే?"

మంజుల కొంచెం ఆలోచించింది. "ఆ పొద్దు ఇష్టమే అనిపించింది. అందరూ బిగబట్టుకోనుంటే వాడొక్కడు ఆవాల గురించి మాట్లాడినాడు."

తిరుపాల్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అడగకుండా ఉంటే బాగుండేదనిపించింది. అయినా అడిగాడు. "మరి ఏడ్చింది యాలా? వానికోసమేనా?"

"వానికోసం నేనెందుకు ఏడుస్తా?" మంజుల భుజం చూపించింది. "ఆయమ్మ ఈ భుజం మీద చెయ్యి పెట్టి నొక్కింది. నోవా అక్కా అని అడిగింది. నొప్పా అని. మా అమ్మ పోయినాంక ఆ మాట నన్నెవరూ అట్ల అడగలేదు. దానికే ఏడుపొచ్చింది."

"నేను అడగనా?"

"నువ్వు కండెలు అయినాయా అని అడుగుతావు."

అంజనమ్మ మంచం మీది నుంచి, "నేనేం కొట్టినానా, తిట్టినానా? తెలిసేటట్ల మాట్లాడమంటి, అంతే గదా" అని గొణిగింది.

"నువ్వు గమ్మునుండుమా" అన్నాడు తిరుపాల్. తల్లితో అతను ఆ మాట అనడం అదే మొదలు.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆలుమగల మధ్య మాటలు పొడిపొడిగా నడిచాయి. మంజుల మాత్రం శ్రీదేవి ఫోన్ చేస్తే మిద్దె ఎక్కడం మానేసింది. మగ్గం పక్కనే కూర్చుని, కండెలు చుడుతూ, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని కన్నడంలోనే మాట్లాడేది. దాచడం లేదు గదా అని తిరుపాల్ సర్దిచెప్పుకున్నాడు. కానీ కడుపులో మంట చల్లారలేదు. ఈరన్న గొడవ పోయింది. మాడిన ఆవాల మనిషి మీద ఎవరు ఎంతకాలం కోపం పెట్టుకుంటారు? ఇప్పుడు మంట ఆ మాటల మీదనే. ఆ భాషలో మంజుల మరో మనిషి. ఆ మనిషి చురుగ్గా ఉంటుంది, ఎగతాళి చేస్తుంది, ఎవరి గొంతో అనుకరిస్తుంది. ఆ మనిషితో తాను ఒక్కరోజైనా కాపురం చేయలేదు. శ్రీదేవికి ఒక్క సాయంత్రంలో దొరికింది.

ఒకరోజు ఆ మాటే పైకి అనేశాడు. "నువ్వు ఆయమ్మతో మాట్లాడ్తాంటే నాకి ఒళ్ళు మండుతాది."

మంజుల ఫోన్ పక్కన పెట్టి అతని మొహం చూసింది. "తెలుసు" అంది. "మండనీ."

శ్రావణంలో మంజుల అన్న కొత్త ఇంట్లో పాలు పొంగిస్తున్నామని కబురు పెట్టాడు. ఎప్పుడూ తిరుపాల్ భార్యను దించి, భోజనం చేసి, ఆ పూటే తిరిగొచ్చేవాడు. మగ్గం ఆగిపోతుందని చెప్పేవాడు. ఈసారి, "నేనూ ఉంటా" అన్నాడు. మంజుల నమ్మలేదు. "రెండు పంచెలు పెట్టు" అన్నాక నమ్మింది.

అక్కడ అతనికి పెద్దపీటే వేశారు. అల్లుడని కుర్చీ ఇచ్చారు, పానకం ఇచ్చారు. బావమరిది రెండు ముక్కలు తెలుగులో పలకరించి పనిలో పడిపోయాడు. పూజ అయ్యాక మగవాళ్ళంతా అరుగు మీద చేరి నీళ్ళ గురించో, వక్క తోటల గురించో పెద్దగా మాట్లాడుకున్నారు. తిరుపాల్ ఎవరు మాట్లాడితే వాళ్ళ మొహం చూస్తూ కూర్చున్నాడు. అందరూ నవ్వితే తానూ నవ్వాడు. ఎందుకు నవ్వాడో తెలియక వెంటనే ఆపేశాడు. ఒక ముసలాయన అతని వైపు చూపించి ఏదో అన్నాడు. అందరూ మళ్ళీ నవ్వారు. తన చీరల గురించేనా? తన పొట్ట గురించా? కొడగులో చేయించుకున్న మసాజు సంగతి ఇక్కడిదాకా వచ్చిందా? మా మీదనే ఏమో అనుకుంటాండారన్న తల్లి మాట గుర్తుకొచ్చింది.

లేచి పెరట్లోకి పోయాడు. మంజుల వదినలతో, పిన్నమ్మలతో కలిసి పెద్ద గంగాళం చుట్టూ కూర్చుని ఉంది. చేతులు తిప్పుతూ ఏదో కథ చెబుతోంది. ఆడవాళ్ళంతా కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. ఆమె వేళ్ళతో ఒక పొట్ట ఆకారం చూపించింది; అది తనదో ఈరన్నదో తిరుపాల్‌కు అర్థం కాలేదు. ఇంకా పెద్దగా నవ్వారు.

"ఏమంటాండారు?" అని అడిగాడు తిరుపాల్.

"ఉండు, మళ్ళ చెప్తా" అంది మంజుల అటే చూస్తూ.

వయసైన పిన్నమ్మ ఒకామె జరిగి, అతనికి పీట తోసి, "కూత్కొళ్ళప్పా" అంది. కూర్చోమంటోందని అతనికి అర్థమైంది. కూర్చున్నాడు. ఆడవాళ్ళ మధ్య మగవాడు కూర్చోవడం బాగుండదని తెలుసు. అరుగు మీదికి పోవాలనిపించలేదు. మంజుల కథ మళ్ళీ అందుకుంది. ఆమె గొంతు ఎక్కడ లేస్తోందో, ఎక్కడ దిగుతోందో వింటూ, ఆ చుట్టూ ఉన్నవాళ్ళందరి మీదా కుళ్ళుకుంటూ, తిరుపాల్ అన్నం పిలుపు వచ్చేదాకా అక్కడే ఉన్నాడు.